బెత్తం పోయినందుకే పిల్లలు మాట వినట్లేదా?

కాదు బాబూ. చిన్న జవాబు అదే. పెద్ద జవాబు కావాలంటే కాస్త ఓపిగ్గా చదవండి, రిటైరయ్యాక నాకు కూడా వినేవాళ్ళు తక్కువైపోయారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మీరు అడిగింది ఇదీ. మీ తాతగారికి వీధి బడిలో కోదండం (తాడు పట్టించి వేలాడదీసే శిక్ష) వేసేవారట, మీ నాన్నగారిని బరంపురంలో మేష్టార్లు బెత్తం విరిగేదాకా కొట్టేవారట, మీ వంతుకి గోడకుర్చీలు గుంజీళ్ళు వచ్చాయి, ఇప్పుడు ఎనిమిదో క్లాసులో ఉన్న మీ అబ్బాయి వెనక బెంచీలో నవ్వుతున్నాడని క్లాస్ టీచరు లేపి నిలబెట్టి "మీ నాన్న కట్టే ఫీజు దండగ" అన్నదని మీ ఆవిడ వెళ్ళి గొడవ పెట్టుకొచ్చారు, మీ నాన్నగారేమో దెబ్బల్లేకే ఈ తరం ఇలా తగలడింది అంటున్నారు. ఇందులో ఎవరిది రైటు అని.

నేను పుట్టింది ఒడిశాలోని పర్లాకిమిడిలో, గజపతి, రాయగడ జిల్లాల్లో గవర్నమెంటు స్కూళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండెక్కితే అక్కడి గిరిజనుల భాష సవర. పిల్లలు దిదీ అంటారు, తెలుగు తల్లులు టీచరమ్మా అంటారు. బెత్తం ఉన్న రోజులూ చూసాను, పోయిన రోజులూ చూసాను, కాబట్టి చెప్పగలను అనుకుంటున్నాను.

ముందు మీ నాన్నగారి మాట తీసుకుందాం, ఎందుకంటే ఆ మాట మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది. "మేం తిన్నాం కాబట్టే బాగుపడ్డాం." ఆ మాట అనేది ఎవరో ఒకసారి చూడండి. బడిలో చివరిదాకా ఉండి, పాసై, ఉద్యోగమో వ్యాపారమో చేసి ఇవాళ సోఫాలో కూర్చున్నవాళ్ళు అంటారు. అదే క్లాసులో అవే దెబ్బలు తిని నాలుగో తరగతిలోనే మానేసినవాళ్ళు ఆ మాట అనడానికి ఇక్కడ లేరు కదా. గంజాం వైపు మన వాళ్ళలో ఒక తరం గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయింది, ఇంకో తరం రైలెక్కి సూరత్ మగ్గాలకి వెళ్ళిపోయింది. కూటికోసమే వెళ్ళారు, నిజమే, కానీ ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళని కూర్చోబెట్టి అడిగితే "మేష్టారి దెబ్బలకి భయపడి బడి ఎగ్గొట్టీసేడు, ఆ తర్వాత ఇంక పనిలోకి పంపించీసేం" అనే కథ ఒకటైనా దొరుకుతుంది. మా అమ్మ వైపు బంధువుల్లోనే ఉన్నారు అలాంటివాళ్ళు. వాళ్ళని కూడా లెక్కలో వేస్తే మీ నాన్నగారి లెక్క అంత తేలిగ్గా తేలదు.

ఇక మీ తాతగారి కాలం. అప్పుడు మన వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీ. వీధి బడి పంతులుగారికి నెల జీతమంటూ గట్టిగా ఏమీ ఉండేది కాదు, ఇంటికింత ధాన్యం, పండక్కి పంచె, దసరాకి పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇల్లిల్లూ తిప్పి పాటలు పాడిస్తే వచ్చే మామూళ్ళు, అంతే. ఒడియా వాళ్ళ చాటశాళిలో అవధానుగారిదీ దాదాపు ఇదే బతుకు. మరి ఊరి మీద బతికే మనిషి ఊరివాళ్ళ పిల్లల్ని తాడుకి వేలాడమనడానికి ఎలా తెగించేవాడు అంటే, ఊరే చెప్పేది కాబట్టి. "రెండు కళ్ళూ వదిలేసి మిగతా ఒళ్ళంతా మీదే పంతులుగారూ" అని చెప్పి మరీ వదిలి వెళ్ళేవారు. అయితే ఆ మాట అందరికీ ఒకేలా వర్తించేది కాదని మా తాతగారు చెప్పేవారు, షావుకారు కొడుక్కి చెవి మెలితో సరి, కోదండమూ కాలికి గొలుసుతో కొయ్య కట్టడమూ అడిగేవాడు లేనివాడికి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బడులకి గ్రాంటు ఇవ్వడానికి ఒక పద్ధతి నడిచింది, ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్ష చేస్తాడు, ఎంతమంది పాసైతే దాన్నిబట్టి డబ్బు. ఇంక ఆలోచించండి, ఎక్కం తప్పిన ప్రతి కుర్రాడూ పంతులుగారి ఇంట్లో బియ్యానికి దెబ్బే. అంచేత బెత్తం లేచేది అల్లరికి కాదు, ఎక్కువగా పదమూడో ఎక్కానికి! దాన్ని మనం క్రమశిక్షణ అని పిలుచుకుంటున్నాం.

అదే కాలంలో మా ఊళ్ళోనే ఇంకో రకం మేష్టారు కూడా ఉన్నారు, చెప్పకపోతే పాపం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టరుగా చేరారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, కానీ మా కొండల్లో ఆయన్ని తలుచుకునేది వేరే దానికి. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు, 1931లో సవర భాషకి వ్యాకరణం కూడా అచ్చయింది. కొండ పిల్లలకి చదువు తలకెక్కదు, మొండి జాతి అని మిగతావాళ్ళు అనుకుంటున్న రోజుల్లో ఈయన లోపం పిల్లవాడిలో వెతకకుండా బడిలో వెతికారు. నా సర్వీసు మొత్తం మీద నాకు అర్థమైనదీ అంతే, మనం అల్లరి అనీ మొండితనం అనీ పేరు పెట్టేవాటిలో పెద్ద భాగం ఇంకేదో ఉంటుంది, ఆ ఇంకేదో ఏంటో చూడ్డానికి తీరిక లేనప్పుడు బెత్తం తీస్తాం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది, మనం ఇళ్ళు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్ళం అయిపోయాం. తెలుగు బడులు కొన్ని ఉండేవి, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి, కానీ చాలామంది ఒడియా బడుల్లోనే చదివాం. నా చిన్నప్పుడు క్లాసులో సార్ ఒడియాలో ఏదో అడిగితే తెలుగింటి పిల్ల తలొంచుకుని నిలబడేది. అర్థం కాక. సార్‌కి అది పొగరులా కనపడేది. స్కేలు తిరగేసి వేళ్ళ కణుపుల మీద ఒకటి పడేది, ఇంటికెళ్ళి చెప్తే "నువ్వేం చేసేవో ముందు చెప్పు" అని ఇంకోటి పడేది. తెలుగు పిల్లలకే ఇలా ఉంటే సవర పిల్లల సంగతి వేరే చెప్పాలా, వాళ్ళకి ఒడియా కొత్త, తెలుగు కొత్త, ఎటు తిరిగినా దెబ్బే.

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. ఉద్యోగం కొత్తలో కొండ మీద ఒక చిన్న బడిలో వేసారు. ఒక గది, ఒక వరండా, ఐదు క్లాసులు, ఇద్దరం టీచర్లం, అందులో ఒకరు ఎప్పుడూ బ్లాకాఫీసులో ఏదో మీటింగు. చార్జి అప్పగించేటప్పుడు పాత మేష్టారు ఒక్కొక్కటీ చూపించి సంతకం పెట్టించుకున్నారు, హాజరు పట్టీ, ట్రంకు పెట్టె, విరిగిన గ్లోబు, చేతి గంట, పేము బెత్తం. బెత్తం కూడా సామాన్ల లెక్కలోనే ఉండేదన్నమాట. రెండో క్లాసులో ఒక సవర కుర్రాడు గుమ్మం పక్కనే కూర్చునేవాడు, ఎవరినీ అడక్కుండా చటుక్కున లేచి బయటికెళ్ళిపోయేవాడు, ఒక్కోసారి తిరిగి వచ్చేవాడు కూడా కాదు. నాతో పనిచేసే ఆయన రోజూ అరచేతుల మీద కొట్టేవారు, వాడు కిక్కురుమనకుండా తినేవాడు, మర్నాడు మళ్ళీ అంతే. "చూసేరా ఎంత పొగరో" అనేవారాయన, చెడ్డ మనిషి కూడా కాదు, సాయంత్రం వాళ్ళ అయ్యకి బీడీ కట్ట ఇచ్చి మాట్లాడొచ్చేవారు.

ఐదో క్లాసులో ఒక అమ్మాయికి సవరా ఒడియా రెండూ వచ్చు. ఆ పిల్లని పిలిచి అడిగిస్తే తేలిందేంటంటే వాడికి ఒంటేలు వస్తుంది, అడగడానికి ఒడియాలో మాట తెలీదు. మొదట్లో ఒకసారి సవరలోనే అడిగితే క్లాసంతా నవ్వారట. అప్పట్నుంచి అడగడం మానేసాడు. తిరిగి రాకపోవడం ఎందుకంటే ఒక్కోసారి దారిలోనే నిక్కరు తడిసిపోయేది, తడి నిక్కరుతో ఎవడొస్తాడు? మన వైపు బడుల్లో చిటికెనవేలు చూపించడం పుట్టుకతో వచ్చినట్టు అందరికీ వచ్చు కదా, కొండ మీద ఆ పిల్లలకి అదీ ఎవరూ చెప్పలేదు. మర్నాడు ప్రార్థన అయ్యాక క్లాసులన్నిటికీ కలిపి నేర్పించాను, మాటలొద్దు, వేలు చూపించు, వెళ్ళు, రా. అక్కడితో ఆ పొగరు తీరిపోయింది.

ఇలాంటివి ఇంకా బోలెడు. మా వైపు సంత రోజు వస్తే సగం బడి ఖాళీ, పిల్లలు అడ్డాకులో చింతపండో మోసుకుని అమ్మా అయ్యల వెనకాల దిగిపోతారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లారకముందే చెట్టు కింద ఉండాలి, లేకపోతే పశువులు తినేస్తాయి. జీడి పిక్కల కాలం సరేసరి, పలాస నుంచి వ్యాపారులు వస్తారు. మర్నాడు బడికొచ్చిన పిల్లలకి "నిన్నెక్కడ చచ్చేవ్" అని దెబ్బలు పడేవి, ఆ దెబ్బలకి భయపడి మూడో రోజు కూడా రారు, నాలుగో రోజు ఇంకా ఎక్కువ పడతాయని అస్సలు రారు. బెత్తంతో హాజరు పెరగడం నేనెక్కడా చూడలేదు, 1995లో మా రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక పెరగడం మాత్రం నా హాజరు పట్టీలోనే చూసాను. అన్నం పప్పూ చేసిన పని ఏ దండనా చెయ్యలేదు. అలాగే 2006 నుంచి ఒడిశాలో సవర, కుయి, కోయ లాంటి పది గిరిజన భాషల్లో చిన్న క్లాసులు చెప్పడం మొదలెట్టారు, అన్నిచోట్లా సరిగ్గా జరిగిందని అనను, కానీ జరిగిన చోట మొదటి తరగతిలో ఆ మొండి పిల్లల గోల సగానికి సగం వినపడకుండా పోయింది. గిడుగు వారు చెప్పిన నూరేళ్ళకి!

మేష్టార్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఒకే వరండాలో ఐదు క్లాసుల్ని ఒక్కడు కూర్చోబెట్టాలంటే ఏం చేస్తాడు? ఒకటో క్లాసుకి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో క్లాసు వాళ్ళు కొట్టుకుంటారు. బెత్తం బల్ల మీద ఠపీమని కొడితే రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఆ రెండు నిమిషాల కోసమే అది ఉండేది. ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు ఉండాలని విద్యా హక్కు చట్టం చెప్పింది 2009లో, అంతకుముందు తరాల మేష్టార్లకి ఆ భాగ్యం లేదు, ఇప్పటికీ లెక్కల్లో ఉన్నంత గదుల్లో కనపడదు.

ఇక చట్టం. బెత్తం పోవడం నిన్నో మొన్నో టీవీ వాళ్ళు తెచ్చిన గొడవ అని మీ నాన్నగారు అనుకుంటున్నట్టున్నారు. 1986 జాతీయ విద్యా విధానంలోనే శారీరక దండన బడిలో ఉండకూడదని రాసారు. 1992లో మన దేశం ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒప్పందంలో చేరింది. 2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు అక్కడి స్కూలు రూల్స్‌లో కొట్టడానికి అనుమతిచ్చే భాగాన్ని కొట్టేసింది, 2002లో పక్కన ఆంధ్రాలో ఎడ్యుకేషన్ రూల్స్ మార్చి నిషేధించారు, చివరికి విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని 17వ సెక్షను ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు, చేస్తే సర్వీస్ రూల్స్ ప్రకారం చర్య. మధ్యలో 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో సర్వే చేయించి వేసిన రిపోర్టులో బడికెళ్ళే పిల్లల్లో నూటికి 65 మంది దెబ్బలు తింటున్నామని చెప్పారు. అంటే విధానంలో వద్దని రాసి ఇరవై ఏళ్ళు దాటినా ముగ్గురిలో ఇద్దరికి పడుతూనే ఉన్నాయి. ఇంకోపక్క 1860 నాటి ఐపీసీలో 89వ సెక్షను ఉండేది, 12 ఏళ్ళ లోపు పిల్లల మేలు కోరి పెంచేవాళ్ళ అనుమతితో చేసిన పని నేరం కాదని, కేసు పడితే మేష్టార్ల లాయర్లు దాన్నే పట్టుకునేవారు.

మా దాకా ఇదంతా ఎలా వచ్చిందంటే, క్లస్టర్ మీటింగులో సర్క్యులర్ చదివారు, సంతకాలు తీసుకున్నారు, టీ ఇచ్చారు. కొట్టొద్దన్నారు, బాగుంది, మరి యాభై మంది గోల పెడుతుంటే ఏం చెయ్యాలి అని వెనక నుంచి ఒకాయన అడిగారు, ప్రేమగా చెప్పండి అన్నారు. ఇంక అంతే ట్రైనింగు. చేతిలోది లాక్కున్నారు గానీ బదులు ఏదీ పెట్టలేదు, అక్కడొచ్చింది చిక్కు. బెత్తం బీరువా పైకెళ్ళింది, కొన్నాళ్ళు డస్టరూ స్కేలూ ఆ పని చేసాయి, అవీ ప్రమాదమే అని తెలిసాక నోరు అందుకుంది.

నా దృష్టిలో ఈ తరం దండన ఇదే. మీ అబ్బాయిని ఎవరూ ముట్టుకోలేదు. "ఫీజు దండగ" అన్నారు, నలభై మంది ముందు. ప్రైవేటు స్కూళ్ళలో ఇంకా చాలా రకాలు చూస్తున్నాను, ఫీజు కట్టనివాళ్ళ పేర్లు క్లాసులో చదవడం, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చి చివరి సెక్షనులోకి తోయడం, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో హోంవర్కు చెయ్యని పిల్లల లిస్టు పెట్టడం, టీసీ చేతిలో పెడతాం అని బెదిరించడం, ఒకే వాక్యం వందసార్లు ఇంపోజిషన్. వెనకటి దెబ్బ క్లాసుతో అయిపోయేది, గ్రూపులో పెట్టిన లిస్టు పెద్దమ్మ చూస్తుంది, పక్కింటివాళ్ళు చూస్తారు, ఆదివారం పెళ్ళిలో అడుగుతారు. చట్టం రెండిటినీ ఒకే వాక్యంలో పెట్టింది, జనం మాత్రం మొదటిదాన్నే గుర్తుపెట్టుకున్నారు. ఆ లెక్కన మీ ఆవిడ కోపం న్యాయమైనదే, వెళ్ళిన పద్ధతి గురించి కింద చెప్తాను.

తల్లిదండ్రులు ఎందుకిలా మారిపోయారు అని కూడా అడిగారు. గారాబం ఎక్కువైపోయిందని అందరూ అంటారు, నాకైతే లెక్క వేరేగా కనపడుతుంది. మీ తాతగారి కాలంలో ఇంటికి ఆరుగురు, ఏడుగురు. అందులో ఒకడు చదువుకుంటే చాలు, ఒకడు పొలం, ఒకడు దుకాణం. పంతులు కొట్టినవాణ్ణి గురించి ఆలోచించే తీరిక తల్లికెక్కడిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున తల్లికి పిల్లలు ఒడిశాలో 1.8, ఆంధ్రాలో 1.7. ఉన్న ఒక్కడి మీదే అన్ని ఆశలూ, అంత ఫీజూ. పైగా వెనకటి తల్లికి బడిలో ఏం చెప్తారో తెలీదు, మేష్టారంటే తనకి తెలియని లోకం, అంచేత నమ్మకం. ఇప్పటి తల్లి డిగ్రీ చదివింది, ఆ లోకంలో తనూ దెబ్బలు తిని వచ్చింది, అక్కడ ఏం జరుగుతుందో బాగా తెలుసు. ప్రశ్న అడగడం చెడిపోవడం కాదు. కాకపోతే ఫీజు కట్టాం కాబట్టి కొన్నాం అనే ధోరణి ఒకటి వచ్చింది, అది మాత్రం నాకు నచ్చదు.

సరే, పిల్లలు మారలేదా అంటే, మారారు, అబద్ధమెందుకు. ఫోను వల్ల నిద్ర పోయింది. పొద్దున్న మొదటి పీరియడులో ఆవలించే క్లాసుకి మీరు ఎన్ని కథలు చెప్పినా ఎక్కదు. కరోనాకి బడులు మూసేసాక చిన్నపిల్లలు తిరిగి వచ్చేసరికి లైనులో నిలబడ్డం, ఒకరు మాట్లాడుతుంటే ఆగడం, పెన్సిలు అడిగి తీసుకోవడం అన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్పాల్సొచ్చింది, దాన్ని కూడా చాలామంది టీచర్లు తలపొగరు కింద రాసేసారు. గుట్కా ఒడిశాలో 2013 నుంచి నిషేధమే, ఏడో క్లాసు కుర్రాళ్ళ జేబుల్లో మాత్రం ప్యాకెట్లు దొరుకుతూనే ఉన్నాయి, అమ్మే పాన్ డబ్బా బడి గోడకి ఆనుకునే ఉంటుంది, ఆ డబ్బావాడిని ఎవరూ గోడకుర్చీ వేయించరు! టీచరు బోర్డు వైపు తిరిగితే వెనక నుంచి వీడియో తీసి పాట కలిపి రీలు పెడతారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు, టీచర్లే, నాకు ఫోన్ చేసి ఏడుస్తారు, దిదీ మాకు కొట్టే హక్కు వద్దు, మా మీద అబద్ధం చెప్పకుండా ఉంటే చాలు అని. ఆ భయం నిజమైనదే. పిల్లలకి చట్టం అండ ఉన్నట్టు వాళ్ళకి కనీసం హెడ్మాస్టరు అండైనా ఉండాలి, చాలా స్కూళ్ళలో గొడవ రాగానే మేనేజ్‌మెంటు టీచరుని బలిచ్చేసి చేతులు కడుక్కుంటుంది.

కానీ చూడండి, ఈ కొత్త జబ్బుల్లో ఒక్కటి కూడా బెత్తంతో తగ్గేది కాదు. నిద్ర లేనివాణ్ణి కొడితే నిద్రొస్తుందా? గుట్కా అలవాటైనవాణ్ణి కొడితే దాక్కుని తింటాడు. కొట్టే కాలంలో పిల్లలు అల్లరి మానేసారనుకోవడం పెద్దవాళ్ళ భ్రమ, మానలేదు, మేష్టారికి కనపడకుండా చేసేవారు. నౌపడ నుంచి మా ఊరికొచ్చే చిన్న రైలుబండి ఉండేది, 1900లో రాజావారు వేయించింది, అది ఎంత మెల్లిగా నడిచేదంటే పెద్ద కుర్రాళ్ళు పుస్తకాలు చెట్టు తొర్రలో దాచి, నడిచే బండెక్కి పాతపట్నం దాకా వెళ్ళి సినిమా పోస్టర్లు చూసొచ్చేవారు. స్కూల్లో అందరికంటే గట్టిగా కొట్టే సార్ పీరియడునే వాళ్ళు ఎగ్గొట్టేది. మీ నాన్నగారి ఫ్రెండ్సుని కదిపి చూడండి, ఇంతకంటే మంచి కథలు వస్తాయి.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. ముందు వాడిని కూర్చోబెట్టి మాట్లాడండి, "ఏం చేసేవ్" అని కాకుండా "ఏం జరిగింది, మొదట్నుంచి చెప్పు" అనండి, మధ్యలో ఆపకండి, తీర్పు చెప్పకండి. మీ నాన్నగారు పక్కన లేనప్పుడు. తర్వాత ఏ పీరియడులో, ఏ టైములో ఇలా అవుతోందో కనుక్కోండి. నేను స్కూల్లో చిన్న నోట్‌బుక్ పెట్టుకునేదాన్ని, ఎవరు గోల చేసారని కాకుండా ఎప్పుడు చేసారని రాసుకునేదాన్ని, కొన్నాళ్ళకి చూస్తే భోజనం ముందు పీరియడు, ఇంటర్వెల్ తర్వాత మొదటి పదినిమిషాలు, హాస్టలు పిల్లలైతే ఇంటికెళ్ళొచ్చిన మర్నాడు, వీటి చుట్టూనే తిరిగేది. ఆకలి, వేడి, ఇంటి బెంగ. టైము తెలిస్తే కారణం సగం తెలిసినట్టే. ఒక్క సబ్జెక్టులోనే అయితే ఆ సబ్జెక్టు అర్థం కావట్లేదేమో చూడండి, ఇంగ్లీషు మీడియం అంటున్నారు, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, స్కూల్లో హిందీ కూడా కలుస్తుంది. ఎనిమిదో క్లాసు సైన్సు ఇంగ్లీషులో అర్థం కానప్పుడు మగపిల్లలు చాలామంది నవ్వులాటలోకే దిగుతారు, తెలీదు అని ఒప్పుకోవడం కంటే జోకరవడం తేలిక కదా ఆ వయసులో.

వాడి కళ్ళు డాక్టరుకి చూపించండి, తప్పకుండా. వెనక బెంచీలో కూర్చుని పక్కవాడితో మాట్లాడుతున్నాడు అనే కంప్లయింటు వచ్చిన పిల్లల్లో కొంతమంది బోర్డు కనపడక పక్కవాడిని అడిగి రాసుకునేవాళ్ళే నాకు తగిలారు. గవర్నమెంటు స్కూళ్ళకి 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం డాక్టర్ల టీములు వచ్చి చూస్తున్నాయి కాబట్టి కాస్త నయం, ప్రైవేటు స్కూళ్ళలో మీరే చూపించుకోవాలి. రాత్రి ఫోను మీ గదిలో చార్జింగు పెట్టండి, మీది కూడా అక్కడే పెట్టండి, లేకపోతే వాడు వినడు.

నిజంగా వెకిలిగా నవ్వాడని తేలితే ఊరుకోమని నేననట్లేదు. కొట్టకపోవడం అంటే వదిలేయడం అనుకుంటున్నారు చాలామంది, అక్కడే మీ నాన్నగారి కోపంలో కొంత నిజముంది. చేసిన పనికి తగ్గ పని ఉండాలి. నోట్సు పోగొట్టుకుంటే కూర్చుని రాయాలి, నలుగురి ముందు టీచరుని వెక్కిరిస్తే టీచరు దగ్గరికి వెళ్ళి మాట్లాడాలి, అదీ ఒంటరిగా, బలవంతపు సారీ కాకుండా ఏం జరిగిందో తన నోటితో చెప్పాలి. మా బడిలో గోడ మీద గీతలు గీస్తే సున్నం బక్కెట్టు ఇచ్చేవాళ్ళం, తిట్టేవాళ్ళం కాదు, సాయంత్రానికి అయిపోయేది, ఆ తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తకూడదు. అది రూలు. రోజుకో రూలు మాత్రం పెట్టకండి, ఉన్న రెండు మూడూ గట్టిగా పట్టుకోండి, మీ మూడ్ బాగున్న రోజూ బాగులేని రోజూ ఒకేలా.

టీచరు దగ్గరికి ఈసారి మీరు వెళ్ళండి, మీ ఆవిడతో కలిసే వెళ్ళండి గానీ క్లాసు జరుగుతున్నప్పుడు గుమ్మంలో నిలబడకుండా టైము అడిగి వెళ్ళండి. అబ్బాయి ముందు టీచరుని ఏమీ అనకండి. మొదటి మాటగా "మా వాడు క్లాసులో ఎలా ఉంటున్నాడు, మీరు చూసింది చెప్పండి" అనండి, పూర్తిగా చెప్పనివ్వండి, ఆ తర్వాత ఫీజు మాట ఎత్తండి, మెల్లిగానే గానీ తప్పించకుండా. "వాడు తప్పు చేస్తే మాకు చెప్పండి, మేం చూస్తాం, నలుగురిలో ఆ మాట మాత్రం వద్దు మేడం." పది మందిలో ఎనిమిది మంది టీచర్లు ఇక్కడే మెత్తబడతారు, వాళ్ళకీ పైనుంచి రిజల్టు ఒత్తిడి ఉంటుంది, నోరు జారి ఉంటారు.

మెత్తబడకపోతే, మళ్ళీ అదే జరిగితే, హెడ్మాస్టరుకి కాగితం మీద రాసి ఇవ్వండి, తేదీ వేసి, ఏ మాట అన్నారో ఆ మాటే రాసి, 17వ సెక్షను పేరు పెట్టి, కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అక్కడ పెడితే వాళ్ళు చేసిందే మీరూ చేసినట్టు. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే కాగితం కాపీ బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసరుకి వెళ్తుందని ముందే చెప్పండి. ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటే మాత్రం ఈ వరసలేవీ అక్కర్లేదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.